రుక్మిణి మగవాడు

రాధ, రుక్మిణి అని పేర్లు పెట్టింది మా అమ్మే. అమెరికాలో, ఫ్రిస్కోలో మావాడి పుట్టినరోజుకి రెండు లెపర్డ్ గెకో పిల్లల్ని, అంటే పెంచుకునే ఒక రకం బల్లి పిల్లల్ని కొన్నాం. రెండూ ఆడవేనని షాపులో గట్టిగా చెప్పారు. అంత చిన్నప్పుడు ఆడో మగో తేల్చడం కష్టమని వాళ్ళకి తెలీదో, తెలిసే అన్నారో!

తెనాలి నుంచి వచ్చిన అమ్మ "డబ్బులు పోసి బల్లుల్ని కొన్నార్రా?" అని ముందు తలస్నానం చేసొచ్చింది. మన గోడ బల్లికి లేని కనురెప్పలు వీటికున్నాయని, గోడలెక్కడం రాదని తెలిశాక "పోన్లే, నెత్తిన పడవు" అని శాంతించింది.

ఒకరోజు దీపాలు పెట్టే వేళ రుక్మిణి తోక కొస టపటపా కొట్టుకోవడం మొదలైంది. గబగబా వెళ్ళి రాధ మెడ పట్టుకుంది.

"డాడీ, ఫైటింగ్!" అన్నాడు మావాడు.

అమ్మ ఒక్కసారి చూసింది. "ఫైటింగ్ కాదురా. పిల్లాణ్ణి లోపలికి తీసుకెళ్ళు."

రుక్మిణిని అద్దానికి ఆనించి చూస్తే వెనక కాళ్ళ మధ్య వి ఆకారంలో చుక్కల వరస, తోక మొదట్లో రెండు ఉబ్బులు. ఇంకేముంది!

పిల్లలు వద్దు, వీటిని విడదీయనూ వద్దు, మావాడు ఏడుస్తాడు అంది మా ఆవిడ. ఆఫీసులో ప్రాజెక్టులు నడిపే మనిషి కదా, షెడ్యూలు గీసింది. పగలు కలిసుండాలి, రాత్రి తొట్టి మధ్యలో అట్టముక్క. పగలంతా అవి ఎలాగూ నిద్రే. తెల్లారి చూస్తే అట్ట పడిపోయి ఉంది, రెండూ ఒకే గూట్లో ఉన్నాయి.

"ఒకే ఇంట్లో పెట్టి కాపురం చెయ్యొద్దంటే ఎలాగమ్మా?" అంది అమ్మ.

పశువుల డాక్టరుదీ అదే మాట, ఫీజు తీసుకుని చెప్పాడు. వేరే తొట్టి తప్ప దారి లేదట, అసలు ఇవి ఒంటరిగా ఉండే జాతేనట. సరే, ఇంకో తొట్టి, ఇంకో హీటరు కొన్నాం. అయినా కొన్నాళ్ళకి రాధ పొట్ట చర్మం కింద రెండు తెల్లటి ఉబ్బులు కనిపించాయి. రెండు గుడ్లు. తర్వాత మరో రెండు. మొగుడు పక్క తొట్టిలో ఉంటే ఇదెలా అని అమ్మ మూతలు తనిఖీ చేసింది. ఒకసారి కలిస్తే ఆడది ఆ బీజాన్ని దాచుకుని ఆ సీజనంతా గుడ్లు పెట్టగలదని చెప్పాను. అప్పట్నుంచీ రాధ బాలింత. మా ఆవిడ కీచురాళ్ళకి కాల్షియం పొడి అద్ది వేస్తుంటే, కాయం కూడా కాస్త కలపమంటుంది అమ్మ.

గుడ్లని ఉంచే వేడిని బట్టే ఆడామగా తేలుతుందని చెప్పడం ఇంకో గొడవైంది. 26 డిగ్రీల దగ్గర దాదాపు అన్నీ ఆడవే, 32 దాటితే ఎక్కువ మగవి, 35 దగ్గర మళ్ళీ ఆడవి.

"మగపిల్లాడి కోసం మీ నానమ్మ నాచేత మొక్కించని చెట్టు లేదురా. ఇంతోటి దానికి ఆరు డిగ్రీలు చాలా!"

పిల్లలు వద్దంటే గుడ్లు పెట్టగానే ఫ్రీజర్‌లో పెట్టెయ్యమన్నాడు డాక్టరు. మా ఫ్రీజర్ నిండా పెరుగు డబ్బాలే, ఒక్కదాంట్లోనూ పెరుగుండదు. గోంగూర, కొబ్బరి కోరు, ఇప్పుడు ఇవి. తారుమారవుతాయని అమ్మ ప్రతి డబ్బా మీదా తెలుగులో రాసి అంటించింది.

మొన్న శనివారం భోజనాలకొచ్చిన స్నేహితుడు ఐసు కోసం ఫ్రీజర్ తెరిచి కాసేపు అలాగే నిలబడిపోయాడు.

"అమ్మా... 'రాధ పిల్లలు' అంటే ఏంటండీ?"

"ఏం చెయ్యం నాయనా, వద్దనుకున్నారు" అంది అమ్మ, అప్పడాలు వేయిస్తూ.

మంచినీళ్ళు చాలన్నాడు.