సవరణ: మెదడు తరంగాల పరికరం గురించి

మా పెద్దమ్మను తుంటి ఎముక ఆపరేషన్ కోసం పర్లాకిమిడి నుంచి బరంపురం తీసుకువెళ్లిన సందర్భంలో, గత వారం ఒక మాట రాశాను. మత్తులో ఉండగా నుదుటికి పట్టీ అంటించి మెదడు తరంగాలను గమనిస్తే, పెద్దవారికి ఆపరేషన్ తరువాత మతి తప్పడం ఉండదని. అలా రాయడం తప్పు. ఆ పరికరం లేదని తండ్రిగారి ఆపరేషన్ వాయిదా వేయాలనుకుంటున్నట్టు రాయగడ నుంచి ఒకరు రాశారు. దయచేసి ఆ పని చేయకండి. విరిగిన తుంటికి ఆలస్యమే పెద్ద ప్రమాదం.

నేను నమ్ముకున్నది 2013 నాటి హాంకాంగ్ పరిశోధనను. అందులో 921 మందిని పరిశీలించారు. పరికరం చూస్తూ మత్తు ఇచ్చినవారిలో 15.6 శాతం మందికి, మిగతావారిలో 24.1 శాతం మందికి ఆ మతి తప్పే గందరగోళం కలిగింది. తరువాత వచ్చిన పరిశోధనలు అప్పటికి నేను చూడలేదు. 2019లో అమెరికాలో అరవై ఏళ్లు, ఆపైబడిన 1,232 మందిలో ఆ లెక్కలు పరికరం చూసినవారిలో 26, మిగతావారిలో 23 శాతం. అంటే మేలు కనిపించలేదు. 2024లో కెనడాలో గుండె ఆపరేషన్లపై వెలువడిన పరిశోధనలో రెండు వైపులా సుమారు 18 శాతమే.

మత్తు బాగా లోతైతే తరంగాలు మధ్యమధ్య చదునైన గీతగా మారతాయి. ఆ గీత కనిపించినవారికి గందరగోళం ఎక్కువన్నది నిజమే. అయితే అది కారణమో, అప్పటికే బలహీనపడిన మెదడుకు గుర్తో తేలలేదు.

గందరగోళం తగ్గడానికి మనం చేయగలిగినవి ఇవి: మెలకువ రాగానే కళ్లజోడు, వినికిడి యంత్రం అందించండి. రాత్రి నిద్ర చెడకుండా చూడండి. వార్డంతా ఒడియా వినిపించే చోట, తెలుగులో పలకరించే మనిషి పక్కన ఉండాలి.