తిట్టినవాడికే ఆ కుర్చీ

నాయకత్వం మీద శిక్షణ తరగతులు పెట్టేవాళ్లందరికీ నాదో విన్నపం. ఆ స్లైడ్లు, ఆ గ్రూప్ ఆటలు, కళ్లు మూసుకుని సహోద్యోగి చేతుల్లోకి వెల్లకిలా పడిపోయే విన్యాసాలు ఇక చాలించండి. 1938లో వార్నర్ బ్రదర్స్ తీసిన ‘ది డాన్ పెట్రోల్’ వేసి లైట్లు ఆర్పేయండి. రెండు గంటలు కూడా పట్టదు, మేనేజ్‌మెంట్ శాస్త్రమంతా అయిపోతుంది. పైగా సినిమా మొత్తంలో ఒక్క ఆడపాత్ర కూడా లేదు కాబట్టి ప్రేమల గోల లేదు, పెళ్లిళ్ల గోల లేదు. ఉన్నదంతా ఆఫీసే.

కథ జరిగేది మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, ఫ్రాన్స్‌లో. బ్రిటిష్ సైన్యపు విమాన దళమైన రాయల్ ఫ్లయింగ్ కోర్ వాళ్ల స్క్వాడ్రన్ ఒకటి. దాని కమాండర్ మేజర్ బ్రాండ్. వేసింది బేసిల్ రాత్‌బోన్. ఆయన గదిలో ఫోన్ మోగుతుంది. అవతల హెడ్‌క్వార్టర్స్. రేపు తెల్లవారుజామున విమానాలు పంపాలంటారు. వచ్చినవాళ్లంతా కొత్త పిల్లలండీ అని బ్రాండ్ కాసేపు గింజుకుంటాడు. చివరికి సరేనంటాడు. ఫోన్ పెట్టేసి, అదే మాటను కాస్త గట్టిగా కిందివాళ్లకు చెబుతాడు. పైనుంచి పడిన మాటను గొంతు మార్చి కిందికి దించడమే నాయకత్వం. దీనికి రెండు రోజుల వర్క్‌షాప్ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తెల్లారాక ఆయనకు ఇంకో పని ఉంటుంది. తిరిగొస్తున్న ఇంజిన్ల చప్పుడు వింటూ లెక్కపెట్టడం. వెళ్లినన్ని రావు. మిగిలిన లెక్కను మందు సీసా సర్దుతుంది.

ఆయన్ని చూస్తే ఒళ్లు మండేది కెప్టెన్ కోర్ట్నీకి. అంటే ఎరల్ ఫ్లిన్. రోజూ పైకెళ్లి చచ్చి బతికి వచ్చేవాడు, గదిలో కూర్చుని పోయినవాళ్ల పేర్లు కొట్టేసేవాణ్ని గౌరవించమంటే ఎలా గౌరవిస్తాడు? ఇంతలో జర్మన్ వాడొకడు వచ్చి ఒక జత బూట్లు పడేసి వెక్కిరిస్తాడు, మీరు నేల మీద ఉంటేనే క్షేమం అని. కోర్ట్నీ, అతని స్నేహితుడు స్కాట్ (డేవిడ్ నివెన్) బ్రాండ్ వద్దన్నా ఎవరికీ చెప్పకుండా తెల్లారేలోపు పోయి జర్మన్ల ఎయిర్‌ఫీల్డును చిత్తుచిత్తు చేసి వస్తారు. బ్రాండ్ మండిపడుతుంటాడు. సరిగ్గా అప్పుడే ఫోన్. హెడ్‌క్వార్టర్స్ వాళ్లు తెగ మెచ్చుకుంటున్నారు. ఎవర్ని? బ్రాండ్‌నే. ప్రమోషన్ కూడా ఇచ్చేశారు!

మాట వినని ఇద్దరి వల్ల, వద్దన్నవాడికి ప్రమోషన్. అప్రైజల్ సీజన్‌లో గుండెలు బాదుకునే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు ఈ సీను ఒకటికి రెండుసార్లు చూడాలి. మనసు కుదుటపడుతుంది.

వెళ్తూ వెళ్తూ బ్రాండ్ చేసిన ఏర్పాటు మాత్రం అమోఘం. తన కుర్చీలో ఎవర్ని కూర్చోబెట్టాలో ఆయన ఎక్కువసేపు ఆలోచించలేదు. అందరికంటే ఎక్కువ తిట్టినవాడు ఎదురుగా నిలబడే ఉన్నాడు. కోర్ట్నీకి ఆ పదవి ఇస్తున్నప్పుడు రాత్‌బోన్ మొహం చూడండి. అంత సంతోషంగా బాధ్యతలు అప్పగించినవాణ్ని నేను సినిమాల్లోనే కాదు, బయట కూడా చూడలేదు. అత్తా ఒకింటి కోడలే అని మనవాళ్లు ఊరికే అన్నారా? కొత్త కోడలికి కడుపు మండటానికి ఎంతోసేపు పట్టదు. స్కాట్ తమ్ముడే కొత్త పైలట్‌గా వచ్చి దిగుతాడు. ఫోన్ మోగుతుంది. ఒక్కరోజు ఆపమని స్కాట్ బతిమాలతాడు. కోర్ట్నీ పంపిస్తాడు. ఆ పిల్లాడు తిరిగి రాడు. నిన్నటిదాకా బ్రాండ్‌కు దక్కిన చూపు ఇవాళ కోర్ట్నీకి దక్కుతుంది.

ఇదంతా సినిమా వాళ్ల అతిశయోక్తి అనుకునేవాళ్లకు చరిత్ర ఉంది. 1917 ఏప్రిల్‌లో, అరాస్ యుద్ధం జరుగుతుండగా, బ్రిటిష్ వాళ్లు ఒక్క నెలలో దాదాపు 245 విమానాలు పోగొట్టుకున్నారు. ఫ్రాన్స్‌లో ఈ దళానికి అధిపతి హ్యూ ట్రెంచార్డ్. ఎప్పుడూ ముందుకే పోవాలి, పోయినవాడి స్థానంలో వెంటనే ఇంకొకణ్ని నింపాలన్నది ఆయన పద్ధతి. పొద్దున టిఫిన్ బల్ల దగ్గర ఖాళీ కుర్చీ కనిపిస్తే కుర్రాళ్లు డీలా పడతారు కదా. ఎంత సున్నితమైన మనసు! ఇక పారాచూట్ల సంగతి. బెలూన్లలో వేలాడుతూ శత్రువును గమనించేవాళ్లకు అవి ఇచ్చారు. విమానం నడిపే బ్రిటిష్ పైలట్లకు యుద్ధం అయిపోయేదాకా ఇవ్వలేదు. జర్మన్లు 1918లో వాడటం మొదలెట్టినా సరే. చేతికిస్తే విమానాన్ని వదిలేసి దూకేస్తారేమో! నోటీస్ పీరియడ్ అనే ఆలోచనకు మూలపురుషులు వీళ్లేనని నా గట్టి నమ్మకం.

ఈ చక్కటి వ్యవస్థను పాడుచేసినవాడు ఒకడున్నాడు. పేరు రాబర్ట్ స్మిత్-బ్యారీ. 60వ స్క్వాడ్రన్ కమాండర్. సరిగ్గా ఎగరడం రాని పిల్లల్ని పంపిస్తున్నారేమిటని పైవాళ్లకు వరసగా రాశాడు. అంత గొడవపెట్టేవాడికి పై పద్ధతి ప్రకారం ఒక కుర్చీ ఇచ్చి నోరు మూయించాలి. ట్రెంచార్డ్ ఏ కళనున్నాడో, అయితే నువ్వే నేర్పించు పో అని ఇంగ్లండ్ పంపాడు. 1917లో గోస్‌పోర్ట్‌లో అతను బడి పెట్టి, విమానం అదుపు తప్పితే ఎలా తిప్పుకోవాలో గాలిలోనే నేర్పించాడు. గురువు మాట శిష్యుడి చెవికి చేరడానికి ఒక గొట్టం అమర్చాడు. గమనించండి, ఫోన్ కాదు, గొట్టం. ఫోనైతే ఎక్కడో కూర్చుని చెప్పొచ్చు. గొట్టంలో చెప్పాలంటే చెప్పేవాడు కూడా అదే విమానంలో ఉండాలి. ఇలాంటివి ఆఫీసుల్లోకి వస్తే పెద్దల గతేమిటి?

మన తెలుగు నేలకూ ఇందులో కాస్త వాటా ఉందని గర్వంగా మనవి. 110వ స్క్వాడ్రన్ 1918లో ఫ్రాన్స్ వెళ్లినప్పుడు దాని విమానాలు హైదరాబాద్ నిజాం ఇచ్చిన కానుక. ఒక్కో విమానం మీద దాత పేరు రాయించారు. స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరే పెట్టారు. గుడి ట్యూబ్‌లైటు మీద దాత పేరు చూసి నవ్వుకునేవాళ్లు ఇకమీదట కాస్త ఆలోచించి నవ్వాలి.

సినిమా తీసినవాళ్లు కూడా ట్రెంచార్డ్ శిష్యులే. ఇదే కథను హోవార్డ్ హాక్స్ 1930లో ఒకసారి తీశాడు. 1938లో ఎడ్మండ్ గౌల్డింగ్ మళ్లీ తీసినప్పుడు, పాత సినిమాలోని విమాన దృశ్యాలనే చాలావరకు దించేశారు. కూలిన విమానాలు పాతవి, లోపల కూర్చున్న మొహాలు కొత్తవి. ఖర్చు కలిసొచ్చింది.

శిక్షణ తరగతుల్లో వేసేటప్పుడు ఒక్క జాగ్రత్త తీసుకోండి. చివర్లో ఒంటరిగా పోయి జర్మన్ల మందుగుండు నిల్వను పేల్చాల్సిన పని వస్తుంది. స్కాట్ ముందుకొస్తాడు. కోర్ట్నీ అతనికి పీకలదాకా తాగించి, తనే విమానం ఎక్కేస్తాడు. కమాండర్ కుర్చీ వదిలి వెళ్లాడు. పైగా కిందివాడి పని తను చేశాడు. మేనేజర్లకు ఇది చూపించడం క్షేమం కాదు. అతను గ్లాసులో పోస్తుండగానే సినిమా ఆపేసి, టీ, సమోసాలు తెప్పించండి.