సుగ్గికి పోయేవాళ్లకు 84 రోజుల మాత్రలూ ఒకేసారి ఇవ్వాలి

సంక్రాంతి దాటితే ఆదోని, ఆలూరు, కోసిగి వైపు పల్లెల్లో చాలా ఇళ్లకు తాళాలు పడతాయి. మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి పోయినవాళ్లు మళ్లీ ఊరి మొహం చూసేది ఉగాది నాటికే. వాళ్లలో హెచ్‌ఐవీతో పాటు హెపటైటిస్-సి కూడా ఉన్నవాళ్లు నెలకో డబ్బా లెక్కన కర్నూలు పెద్దాసుపత్రికి వచ్చి మందు తీసుకోవాలంటే కుదిరే పని కాదు. మందు ఉచితమే, పన్నెండు వారాల్లో జబ్బు నయమయ్యేదే. చిక్కంతా దాన్ని చేతికిచ్చే పద్ధతిలో ఉంది.

ఒక్క హెపటైటిస్-సి మాత్రమే ఉంటే లివర్ మెల్లగా పాడవుతుంది. లివర్ పూర్తిగా గట్టిపడే సిర్రోసిస్ దాకా రావడానికి మామూలుగా 20, 30 ఏళ్లు పడుతుంది. హెచ్‌ఐవీ తోడైతే ఆ ముప్పు దాదాపు రెట్టింపవుతుంది. హెచ్‌ఐవీ మొదట దెబ్బతీసేది పేగుల్లోని రోగనిరోధక కణాలను. పేగు గోడ పలచబడి, అక్కడి బ్యాక్టీరియా విషాలు రక్తంలో కలిసి నేరుగా లివర్‌కు చేరతాయి. అప్పటికే సి వైరస్‌తో వాచి ఉన్న లివర్ ఇంకా త్వరగా గట్టిపడుతుంది. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు క్రమం తప్పకుండా వాడితే ఈ వేగం తగ్గుతుంది గానీ పూర్తిగా ఆగదు. కాబట్టి 'హెచ్‌ఐవీ అదుపులోనే ఉంది కదా, లివర్ సంగతి తర్వాత చూద్దాం' అనుకోవడం తప్పు. కళ్లు పచ్చబడేదాకా ఆగి, అప్పుడు పసరు తాగించి, చేతికి వాత పెట్టించుకోవడం అంతకంటే పెద్ద తప్పు. ఈ జబ్బులో కామెర్లు కనిపించేసరికి లివర్ చాలావరకు చెడిపోయి ఉంటుంది.

పరీక్ష దగ్గర ఒక మోసం ఉంది. మొదట చేసే యాంటీబాడీ పరీక్ష శరీరం వైరస్‌ను గుర్తుపట్టిందా లేదా అన్నదే చెబుతుంది. సీడీ4 (హెచ్‌ఐవీ దెబ్బతీసే రోగనిరోధక కణాల లెక్క) బాగా పడిపోయినవాళ్లలో, ముఖ్యంగా 100 లోపు ఉన్నవాళ్లలో, యాంటీబాడీలు సరిగా తయారుకావు. వైరస్ ఉన్నా 'నెగెటివ్' అని రావచ్చు. సీడీ4 తక్కువగా ఉండి, లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఏఎల్‌టీ అనే ఎంజైము పెరుగుతూ ఉంటే ఆ నెగెటివ్ కాగితాన్ని నమ్మకుండా, వైరస్‌నే నేరుగా వెతికే ఆర్‌ఎన్‌ఏ పరీక్షకు పంపాలి. టీబీ పరీక్షకు వాడే జీన్‌ఎక్స్‌పర్ట్, ట్రూనాట్ యంత్రాల మీదే వేరే కార్ట్రిడ్జ్‌తో, వేరే చిప్‌తో ఇదీ చేయొచ్చు.

లివర్ ఎంత గట్టిపడిందో తెలుసుకోవడానికి ప్రతిసారీ ఖరీదైన స్కానింగ్ అక్కర్లేదు. ఫిబ్-4 అనే లెక్క ఉంది. దీన్ని 2006లో ఈ రెండు జబ్బులూ కలిసి ఉన్నవాళ్ల మీదే తయారుచేశారు. 45 ఏళ్ల మనిషికి ఏఎస్‌టీ (ఇదీ ఏఎల్‌టీ లాంటి ఎంజైమే) 80, ఏఎల్‌టీ 64, ప్లేట్‌లెట్లు 90 వేలు అనుకుందాం. వయసును ఏఎస్‌టీతో గుణిస్తే 3,600. ఏఎల్‌టీకి వర్గమూలం 8, దాన్ని ప్లేట్‌లెట్ల వేలతో, అంటే 90తో గుణిస్తే 720. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 5 వస్తుంది. 3.25 దాటితే లివర్ బాగా గట్టిపడినట్టు అనుమానించాలి, 1.45 లోపుంటే అంత భయం లేదు. అయితే హెచ్‌ఐవీ ఒక్కటే కూడా ప్లేట్‌లెట్లను తగ్గించగలదు. అప్పుడు లెక్క ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అనుమానం వచ్చినచోట అల్ట్రాసౌండో, లివర్ గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కానో చేయించక తప్పదు.

మందుల విషయానికొస్తే, 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద సిర్రోసిస్ లేనివాళ్లకు సోఫోస్‌బువిర్ 400 మిల్లీగ్రాములు, డక్లాటస్‌విర్ 60 మిల్లీగ్రాములు రోజుకోసారి ఇస్తారు. సిర్రోసిస్ ఉంటే డక్లాటస్‌విర్ బదులు వెల్‌పటాస్‌విర్. హెచ్‌ఐవీకి ఇప్పుడు ఎక్కువమంది వాడుతున్న టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్ మాత్రతో వీటికి పేచీ లేదు. పాత ఎఫావిరెంజ్ మాత్ర మీద ఉన్నవాళ్లకే ఇబ్బంది. వాళ్లకు డక్లాటస్‌విర్ 90 మిల్లీగ్రాములు కావాలి, వెల్‌పటాస్‌విర్ అసలు ఇవ్వకూడదు. టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే ఆ కోర్సు అయ్యేదాకా ఆగాల్సిందే.

ఎవరూ అడగని సంగతి గ్యాస్ మందు. పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని, కడుపు మండితే మందుల షాపులో పాంటాప్రజోల్ అడిగి మింగేవాళ్లు కోకొల్లలు. వెల్‌పటాస్‌విర్ ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి, గ్యాస్ మాత్ర దాన్ని చంపేస్తుంది. డోలుటెగ్రవిర్‌కు పాంటాప్రజోల్‌తో గొడవ లేదు గానీ, అల్యూమినియం, మెగ్నీషియం ఉండే తెల్లటి గ్యాస్ టానిక్‌తో పడదు. టానిక్ తాగడానికి రెండు గంటల ముందో, తాగిన ఆరు గంటల తర్వాతో ఆ మాత్ర వేసుకోవాలి. చీటీ రాసేటప్పుడు ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలు.

ఇక డబ్బాల సంగతి. డబ్బాకు 28 రోజుల మాత్రలు, మూడు డబ్బాలతో 84 రోజుల కోర్సు పూర్తి. మూడూ ఒకేసారి ఇస్తే జనం సరిగా వాడరేమోనన్న భయానికి జవాబు ఎప్పుడో వచ్చింది. 5 దేశాల్లో సుమారు 400 మందికి మందులన్నీ మొదటి రోజే ఇచ్చి, మధ్యలో రక్తపరీక్షలేవీ లేకుండా ఫోన్ పలకరింపులతో సరిపెట్టిన అధ్యయనం 2022లో అచ్చయింది. అందులో పదిమందిలో నలుగురికి హెచ్‌ఐవీ ఉంది. అయినా 95 శాతం మందికి నయమైంది. కడుపులో నీరు చేరినవాళ్లను, రక్తపు వాంతులు అయినవాళ్లను, గర్భిణులను ఇలా పంపేయకూడదు. హెపటైటిస్-బి ఉందో లేదో కూడా ముందే చూడాలి. సి వైరస్ తగ్గుతుంటే బి విజృంభించగలదు. టెనోఫోవిర్ వాడుతున్నవాళ్లకు ఆ రక్షణ ఎలాగూ ఉంటుంది, ఏఆర్‌టీ ఆపనంతవరకు. ఇలాంటి ప్రమాదాలేవీ లేని మిగతావాళ్లకు ఏఆర్‌టీ మాత్రలు ఇచ్చే కిటికీలోనే ఈ మూడు డబ్బాలూ ఇవ్వడానికి అడ్డేమిటో అర్థం కాదు.

సంక్రాంతికి మొదలుపెడితే కోర్సు ఏప్రిల్ రెండో వారానికి ముగుస్తుంది. నయమైందో లేదో తేల్చే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష మరో 12 వారాలకు, అంటే జులై మొదట్లో. అప్పటికి మనిషి ఊళ్లోనే ఉంటాడు. ఆ తేదీని ఏఆర్‌టీ కార్డు మీదే రాసివ్వాలి. దాని కింద ఇంకో మాట కూడా రాయాలి: యాంటీబాడీ పరీక్ష నయమయ్యాక కూడా జీవితాంతం పాజిటివ్‌గానే వస్తుందని. లేకపోతే ఏ వైద్య శిబిరంలోనో మళ్లీ ఆ పరీక్ష చేసి, తగ్గిపోయిన జబ్బు తిరగబెట్టిందని బెదరగొట్టి పంపుతారు.