సవరణ: మా కారు క్లచ్ అరగడానికి అసలు కారణం

38,000 కిలోమీటర్లకే మా కారు క్లచ్ అరిగిపోయిందని, అందుకు మా ఆవిడ నడిపే తీరే కారణమని పోయిన వారం రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. గేర్‌బాక్స్ దించి చూస్తే, ఇంజన్ శక్తిని రాపిడితో గేర్‌బాక్స్‌కు అందించే క్లచ్ ప్లేటు నూనెతో తడిసి ఉంది. ఇంజన్ వెనుక, నూనె బయటికి రాకుండా ఆపే క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్ సీలు కారుతోంది. నూనె అంటిన ప్లేటు జారుతుంది, జారేకొద్దీ వేడెక్కి అరుగుతుంది. ఇంట్లో క్షమాపణ చెప్పుకోవడం అయింది. మెకానిక్ బిల్లు కట్టడమే అంతకంటే సులువు.

ఇంకో తప్పు. సిగ్నల్ దగ్గర క్లచ్ పూర్తిగా తొక్కి ఉంచితే ప్లేటు అరుగుతుందన్నాను. పూర్తిగా తొక్కినప్పుడు ప్లేటుకు రాపిడి ఉండదు, భారం పడేది పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగు మీద. ప్లేటును తినేసేది సగం తొక్కిన క్లచ్. ఫ్లైఓవర్ ఎక్కేచోట బ్రేకు వేయకుండా క్లచ్‌తోనే బండిని నిలబెట్టడం అలాంటిదే. ఆ అలవాటు, తీరా చూస్తే, నాది.

ఖర్చు 2,500 రూపాయలని రాశాను. అది ప్లేటు ధర మాత్రమే. ఏ భాగం మార్చినా గేర్‌బాక్స్ దించి ఎక్కించే కూలి తప్పదు కాబట్టి ప్లేటు, దాన్ని అదిమి పట్టే ప్రెషర్ ప్లేటు, బేరింగు, సీలు అన్నీ ఒకేసారి మార్పించాను. మొత్తం 11,400 అయింది.

నాలుగో గేరులో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజన్ హోరు పెరిగినా వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే అన్న మాట మాత్రం సరైనదే. ఎందుకు జారుతోందో ఆ పరీక్ష చెప్పదు.