‘ఈరోజు వాగ్దానం’ గారికి ఒక బ్రాడీపేట కోడలి విన్నపం

ఈరోజు వాగ్దానం గారికి,

వందనాలండి.

మా ఇంట్లో అందరికంటే ముందు లేచేది మీరే. తెల్లారగట్ల నాలుగు కొట్టేసరికి వాట్సాప్ మెసేజీగా మావయ్యగారి దిండు కింద టింగుమంటారు. ఎర్ర గులాబీ, దాని మీద మంచుబిందువు, వెనకాల మంచుకొండ, నడుమ పసుపు అక్షరాల్లో సగం బైబిలు వాక్యం, అడుగున దైవజనుడి ఫోటో, ఆ పక్కనే కానుకలకు క్యూఆర్ కోడ్. గుంటూరులో మంచుకొండ ఏమిటండీ అని అడగను. వచ్చిన చుట్టాన్ని ఏ ఊరని నిలదీయడం మర్యాద కాదు.

నా ఫిర్యాదు వాక్యం మీద కాదని ముందే చెప్పేస్తున్నా. వాక్యం బైబిల్లో దాని చోట అది హాయిగానే ఉంది. దాన్ని కత్తిరించి, గులాబీ అంటించి, చీకటితోనే ఊరేగించే మీ మీదే నా గోలంతా.

మీ వంశం మంచిదే. మీ తాతగారు వాక్యం అచ్చేసిన వాగ్దానపు కార్డు. డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధన అయ్యాక పళ్ళెంలోంచి కళ్ళు మూసుకుని తీసుకునేవాళ్ళం. మనిషికొకటి, ఏడాదికొకటి. ఒక ఏడు మా ఆడపడుచు తనకొచ్చింది నచ్చక రెండోది తీయబోతే మా అత్తయ్య అందరి ముందే చేతి మీద ఒక్కటిచ్చింది. మీ నాన్నగారు గోడ క్యాలెండరు. పాల లెక్క పక్కన, గ్యాసు బండ వచ్చిన తేదీ పక్కన ఒద్దికగా వేలాడేవారు. చూసినవాళ్ళు చూశారు, లేనివాళ్ళు లేదు. ఎవరు చూశారో లెక్క తీసేవారు కాదు. ఆ ఇంట పుట్టి మీకీ దూకుడు ఎక్కణ్ణుంచి వచ్చిందో!

మావయ్యగారు రిటైరైన లెక్కల మాస్టారు. మీరు టింగుమనగానే చెయ్యి దిండు కిందికి పోతుంది. కళ్ళద్దాలు వెతుక్కునే ఓపిక ఉండదు కాబట్టి ఫోను ముక్కుకి జానెడు దూరంలో పెట్టుకుంటారు. చీకట్లో ఆ మొహం ఒక్కటే నీలంగా వెలుగుతుంటుంది. ఇక పంపకం మొదలు. ఒక్క విడతకి ఐదు చాట్‌లకు మించి పంపడానికి వీల్లేదని వాట్సాప్ మన దేశంలో 2018లోనే గీత గీసింది. లెక్కల మాస్టారికి అదొక అడ్డా? ఐదేసి చొప్పున కట్టలు కట్టి పంపుతారు. బాగా ఊళ్ళు తిరిగొచ్చిన మెసేజీ అయితే 2020 నుంచి ఒక్కసారికి ఒక్క చాట్‌కే వెళ్తుంది. అలాంటివి వచ్చినా విసుక్కోరు, ఒక్కొక్కరికీ ఓపికగా పంపుతారు. తరువాత ఆమేన్‌ల వసూలు. నరసరావుపేట తమ్ముడు చూసి కూడా ఆమేన్ అనలేదు, రెండు నీలం టిక్కులు పడ్డాయి, ఏమైనా మనసులో పెట్టుకున్నాడేమోనని ఆయన దిగులు! అంతా అయ్యేసరికి ఆరు దాటుతుంది.

“మావయ్యగారూ, ప్రార్థన చేసుకుందామా?” అని పిలిస్తే, “నాది నాలుగింటికే అయిపోయిందమ్మా” అంటారు. ఆయన బైబిలు టీవీ పక్కన లేసు గుడ్డ కప్పుకుని పడుకునుంటుంది. ఇంట్లో కంటినిండా నిద్రపోయేది అదొక్కటే.

మొన్నటికి మొన్న మీరు “ఊరకుండుడి, నేనే దేవుడనని తెలిసికొనుడి” అని వచ్చారు. కింద సన్నటి అక్షరాల్లో “ఆమేన్ అని టైపు చేసి పదిమందికి పంపండి” అని ఉంది. ఊరకుండడానికి పదిమంది దేనికండీ?

బైబిల్లో సామెతల గ్రంథం రాసినాయనకు మీ సంగతి ముందే తెలిసినట్టుంది. “వేకువనే లేచి గొప్ప శబ్దముతో తన స్నేహితుని దీవించువాని దీవెన వానికి శాపముగా ఎంచబడును.” 27:14, కావాలంటే చూసుకోండి. ఇన్నేళ్ళలో ఆ వాక్యం మీద గులాబీ పెట్టి పంపినవారు నాకైతే ఇంకా తగల్లేదు.

“యేసు ప్రభువు కూడా చీకటితోనే లేచాడు కదా” అంటారేమో. నిజమే, మార్కు సువార్త మొదటి అధ్యాయంలోనే ఉంది. ముందురోజు పొద్దుగూకాక పట్టణమంతా రోగులతో సహా ఆయనున్న ఇంటి వాకిట్లోనే ఉంది. అయినా ఆయన చీకటుండగానే లేచి, ఎవరూ లేనిచోటికి పోయి ప్రార్థన చేసుకున్నాడు. శిష్యుడు సీమోనువాళ్ళు వెతుక్కుంటూ వెళ్ళి “అందరు నిన్ను వెదకుచున్నారు” అన్నారు. ఆ కాలపు టింగు అదే. ఆయన దాన్ని పట్టుకుని వెనక్కి పరుగెత్తలేదు, పక్క ఊళ్ళకు పోదాం పదమన్నాడు. మీరు మాకిచ్చే వేకువలో ఆ వెతికేవాళ్ళ సందడి ఒక్కటే ఉంది.

ఇక ఒంటి సంగతి. మావయ్యగారికి షుగరు. రాత్రి పన్నెండు దాకా యూట్యూబ్‌లో స్వస్థత కూటం లైవు, నాలుగింటికి మీరు. ఏడు గంటలకు తక్కువ కాకుండా పడుకోమని డాక్టరుగారు చెప్పి పంపారు. మాస్టారు ఈ ఒక్క తీసివేత మాత్రం చెయ్యరు. పోనీ నాలుగింటికి లేచినవారు కాసేపు నడుస్తారా అంటే, ఎన్టీఆర్ స్టేడియం ఎంతో దూరం లేదు, “శరీర సంబంధమైన సాధకము కొంచెము మట్టుకే ప్రయోజనకరమవును” అని బైబిల్లోని తిమోతి పత్రిక తీస్తారు. ఆ కొంచెమైనా కానివ్వండి మావయ్యా అంటే నవ్వేసి మళ్ళీ ఫోనులో తలపెడతారు. పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడిచినా చాలంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంతకంటే ఎక్కువే మీరు సోమ, మంగళవారాల్లోనే మింగేస్తున్నారు. ఎండాకాలం మా ఊళ్ళో ఏడు దాటాక నడవడమంటే సాహసం. ఆ చల్లటి గంటా మీ ఖాతాకే పోతోంది.

బదరీవృక్షం కింద ఇక చచ్చిపోతే బాగుండునని పడుకున్న ఏలీయా ప్రవక్త దగ్గరికి దేవదూత వాగ్దానం పట్టుకుని రాలేదండీ. వేడి రొట్టె, కూజాడు నీళ్ళు తెచ్చి తట్టి లేపాడు. తిన్నాక మళ్ళీ పడుకున్నా ఏమీ అనలేదు. రెండోసారి లేపి, ఇంకా తిను, చాలా దూరం పోవాలన్నాడు. ఆ బలంతో హోరేబు కొండ దాకా నలభై రోజుల నడక. ఒంటిని వదిలేసి ఆత్మను బాగుచెయ్యడం మా ఊరికి నేర్పిన పద్ధతి కూడా కాదు. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చింది 1842లో. 1883లో వచ్చిన అన్నా కుగ్లర్ డాక్టరమ్మ సువార్తతోపాటు మందుసీసా పట్టుకుంది, 1898కల్లా ఆసుపత్రే నిలబెట్టింది. మా అత్తయ్య పుట్టింది అక్కడే.

నా వాటాకు వచ్చిన వాగ్దానం మరీ బాగుంది. మా చర్చి స్త్రీల సమాజం గ్రూపులో నాలుగున్నరకి దిగింది: “ఆమె చీకటితోనే లేచి, తన యింటివారికి భోజనము సిద్ధపరచును.” అప్పటికి నేను స్టవ్ దగ్గరే ఉన్నా. ఒక పొయ్యి మీద పాలు, ఒక పొయ్యి మీద ఇడ్లీ కుక్కరు, రోట్లో అల్లం పచ్చడి, పిల్లాడి సాక్సు ఒకటి దొరకలేదు. చేతులు తుడుచుకుని బైబిలు తెరిచి చూస్తే మిగతా సగం కనపడింది: “తన పనికత్తెలకు బత్తెము ఏర్పరచును.” పనికత్తెలు! బహువచనంలో! ఆ సగాన్ని మీరు గులాబీ ఆకు కింద దాచేశారు. నాకు ఒక్క పనికత్తెను ఫార్వర్డ్ చేసే గ్రూపేదైనా ఉంటే చెప్పండి, అందులో ఉండిపోతా.

అరణ్యంలో ఇశ్రాయేలీయులకు తిండిగా ఇచ్చిన మన్నాను ఏ రోజుకారోజు ఏరుకోమన్నాడు దేవుడు. ఎండెక్కితే కరిగిపోయేది, రేపటికని దాచుకుంటే పురుగులు పట్టేది. మావయ్యగారి ఫోనులో మీరు మూడేళ్ళ నుంచి పేరుకున్నారు. పోయిన వారం మనవరాలి పుట్టినరోజు వీడియో తియ్యబోతే ‘స్టోరేజ్ నిండింది’ అంది. ఏవైనా తీసేద్దాం మావయ్యా అంటే, “వాగ్దానాలు తీసేస్తామా తల్లీ!” అన్నారు. కేకు కోయడం వీడియో తియ్యలేదు.

అందుకని నిన్న స్త్రీల సమాజం గ్రూపులో నేనే ఒక విన్నపం పెట్టా: “అక్కయ్యలకు వందనాలు. ఉదయం ఆరున్నర లోపు గ్రూపులో ఎవరూ ఏమీ పెట్టవద్దని మనవి. ఆ కాస్సేపు ఎవరి ప్రార్థన వారు చేసుకుందాం.” రాత్రంతా ఎవరూ పలకలేదు. తెల్లారగట్ల 4:10కి ప్రెసిడెంటు అక్కయ్య “ఆమేన్” అన్నారు, గులాబీతో సహా. 4:11 నుంచి మిగతావాళ్ళు అందుకున్నారు.

ఇట్లు,
బ్రాడీపేట కోడలు
గుంటూరు