బీరువాలో కొలువైన హార్మోనియం గారికి

మహారాజశ్రీ హార్మోనియం గారికి, ఒకప్పటి స్కూలు ఆర్కెస్ట్రాలో డోలక్ వాయించినవాడు నమస్కరించి రాయునది.

హెడ్మాస్టరు గారి గది బీరువాలో తమరు క్షేమమని తలుస్తాను. క్షేమంగా ఉండక ఏం చేస్తారు? కొన్నదే దాచడానికి కదా! స్టాకు రిజిస్టరులో మాత్రం పిల్లలకు సంగీతం నేర్పడానికని రాసుకున్నారు. పిల్లలు ముట్టుకుంటే తమరు పాడైపోతారని తాళం వేశారు. వార్షికోత్సవం ముందు తీసి చూస్తే, మా చేయి సోకని తమరి గాలి తిత్తిని ఎలుకలు ఏడాదంతా చక్కగా వాడుకుని ఉండేవి. చిల్లులకు ట్యూబు ముక్కలు, సొల్యూషన్ పెట్టి ప్రాణం పోసినవాడు సైకిల్ షాపు అబ్బాయి. సన్మాన పత్రంలో అతని పేరు ఎప్పుడూ లేదు.

తమరు వేంచేసేదాకా మా రిహార్సల్స్ బల్లల మీదే. నా డోలక్ రామాలయం భజన వాళ్లది. బుల్‌బుల్ అనే తీగల వాద్యం ఎవరింట్లోదో. సైడ్ డ్రమ్ము మార్చ్‌పాస్టుది. స్కూలు సొత్తు, అసలు సంగీతం, తమరొక్కరే.

తమరిని ముట్టుకునే హక్కు తెలుగు మాస్టారు ఒక్కరిదే. ఆయన రాత్రుళ్లు పద్యనాటకాలకు వాయించేవారు. నాటకాల కృష్ణుడికి అలవాటైన హెచ్చు శ్రుతి నుంచి ఆరో తరగతి పాప కోసమైనా దిగేవారు కాదు. ప్రార్థనా గీతంలో చరణం చివర రాగం అందుకున్నారంటే పాపకు ఊపిరాడేది కాదు. వెనక బెంచీల పెద్దలు మాత్రం ‘వన్స్ మోర్’ అనేవారు. పాపం, వాళ్లకు అలవాటు.

గమకాలు పలకవు, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం చేతకాదని 1940లో ఆలిండియా రేడియో తమరిని బయటికి పంపింది. 1971 దాకా రానివ్వలేదు. పారిస్‌లో పుట్టి, కలకత్తాలో నేల మీద కూర్చోవడం నేర్చి, మన నాటకాల్లో రాజ్యమేలిన తమరికి ఎంత అవమానం! అయినా రేడియో వాళ్లకు దాపరికం తెలియదు. నిషేధమని బాహాటంగా చెప్పారు. మా స్కూల్లో అదే పనిని ‘భద్రత’ అన్నారు.

తమరి ఘనకార్యం ఒకటి గుర్తు చేయాలి. మధ్య సప్తకంలో ఒక మెట్టు ఇరుక్కుపోయి, నొక్కకుండానే మోగేది. తిత్తి నిండా గాలితో తమరిని అలాగే వేదిక మీద వదిలేసి మాస్టారు టీకి వెళ్లారు. హెడ్మాస్టరు గారు మైకు ముందుకొచ్చి వార్షిక నివేదిక మొదలుపెట్టారు. వెనకాల తమరి శ్రుతి. పదో తరగతి ఉత్తీర్ణత శాతం చదవబోతూ ఆయన గొంతు సవరించుకోగానే జనం పద్యం అనుకుని చప్పట్లు కొట్టారు. నిజం చెప్పొద్దూ, ఆ శాతానికి అంత స్పందన మళ్లీ రాలేదు.

మరునాడు తమరు మళ్లీ బీరువాలోకి. ఆ మెట్టు బాగుచేయించలేదు. ఏటా స్టాకు తనిఖీలో మాత్రం ‘మంచి స్థితిలో ఉన్నది’ అని టిక్కు.

ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. మొన్న పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో మా బ్యాచ్ వాళ్లం చందాలేసుకుని పిల్లల కోసం ఒక కీబోర్డు కొనిచ్చాం. శాలువాలు కప్పారు, ఫొటోలు తీశారు. దాన్ని తమరి పై అరలోనే పెట్టి తాళం వేశారని తెలిసింది. కొత్తది కదా, బెంగ పెట్టుకోవచ్చు. పద్ధతులు కాస్త చెప్పి ఉంచండి. ఎలుకలకు కూడా పరిచయం చేయండి, వైర్లంటే వాటికి మరీ ఇష్టం.

ఇట్లు,
డోలక్ తిరిగిచ్చేసిన విద్యార్థి