గోపాల్‌పూర్‌లో ఉండండి, కొనకండి

ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెట్టాక బరంపురం ఎంతో దూరం లేదు. బరంపురం నుంచి గోపాల్‌పూర్ సముద్రం ఇంకో పదహారు కిలోమీటర్లు. ఈ మధ్య ఆ దారిలో ప్లాట్ల బోర్డుల మీద బొమ్మ మారింది. ఇదివరకు ‘హైవేకి ఆనుకుని’ అని గొప్పగా రాసేవారు. ఇప్పుడు అలల మీద నిలబడి జారే పలకను, అదే సర్ఫ్ బోర్డును, చంకన పెట్టుకున్న కుర్రాడొకడు నవ్వుతుంటాడు, కింద ‘అలల ఊళ్లో సొంత ఇల్లు’ అని తెలుగులోనే ఉంటుంది. కొనేది మనవాళ్లే కదా మరి. కవిటి కొబ్బరి డబ్బు, పలాస జీడిపప్పు డబ్బు, విశాఖ ఉద్యోగుల రిటైర్మెంటు డబ్బు, బరంపురం పాత తెలుగు షావుకార్ల డబ్బు అన్నీ కలిసి ఒడ్డు వైపు నడుస్తున్నాయి.

నా మాట ముందే చెప్పేస్తాను. గోపాల్‌పూర్‌లో ఉండాలనిపిస్తే నిక్షేపంగా ఉండండి. నెలకో ఏడాదికో గది అద్దెకు తీసుకోండి. పొద్దున్నే అలల మీద ఆడుకుని, ఉప్పు కడుక్కుని, పది గంటలకల్లా బరంపురంలో ఆఫీసులో కూర్చోవచ్చు. ఇల్లు కొనాలంటే మాత్రం బరంపురంలో కొనండి. పెద్దాసుపత్రి, కాలేజీలు, రైల్వే స్టేషను అక్కడే ఉన్నాయి. ఒడ్డున కొన్న ఇంటికి రెండు వానాకాలాలు తిరిగేసరికి కిటికీ చువ్వలు పొరలు పొరలుగా లేస్తాయి, బోరు నీళ్లు ఉప్పగా మారితే ట్యాంకరు కోసం ఎదురుచూడాలి. ఇవి చిన్న విషయాలు, వదిలేద్దాం.

తుపాను సంగతీ వదిలేద్దాం. 2013 అక్టోబరు 12న పైలిన్ తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే. 2018లో తిత్లీ ఏం చేసిందో పలాస, సోంపేట వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. తుపానుకు హెచ్చరిక ఉంటుంది, రేకులు ఎగిరిపోతే మళ్లీ వేసుకుంటాం. నాకు భయం వేసేది ఎండ కాస్తున్న మామూలు రోజులను చూసి.

సర్ఫింగ్ చేసేవాళ్లకు కావలసిన కెరటం ఎక్కడో దక్షిణాన, హిందూ మహాసముద్రం గాలుల్లో పుడుతుంది. వేల కిలోమీటర్లు నడిచి, ఎండాకాలం మొదలు వానాకాలం చివరిదాకా ఈ ఒడ్డుకు చేరుతుంది. మన తీరం ఈశాన్యంగా ఒరిగి ఉంటుంది. అందుకని ఆ కెరటం నేరుగా ఎదురు రాదు, ఏటవాలుగా పడుతుంది. పడినప్పుడల్లా కాస్త ఇసుకను ఉత్తరానికి తోస్తుంది. రోజంతా, నెలల తరబడి ఇదే పని. ఇలా గోపాల్‌పూర్ ముందు నుంచి ఉత్తరం వైపు జరిగే ఇసుక ఏడాదికి ఇంచుమించు పది లక్షల ఘనపు మీటర్లని తీర ఇంజనీర్ల అంచనా. టిప్పరుకు పది చొప్పున వేసుకున్నా లక్ష టిప్పర్లు. అంటే ఏ కెరటాన్ని చూసి మీరు బయానా ఇస్తున్నారో, మీ ప్లాటు ముందున్న ఒడ్డును మోసుకుపోయేదీ అదే కెరటం. ఈ ముక్క ఏ బ్రోచర్లోనూ కనబడదు.

దక్షిణం నుంచి కొత్త ఇసుక వస్తున్నంతకాలం జమాఖర్చు సరిపోతుంది. మధ్యలో రాళ్ల గట్టు కడితే దక్షిణాన మేట, ఉత్తరాన కోత. ఇది విశాఖవాళ్లకు పాత పాఠం. ఔటర్ హార్బర్ గట్ల తర్వాత ఆర్కే బీచ్‌లో పోర్టు తవ్విన ఇసుకను తెచ్చి పోస్తే గానీ ఒడ్డు నిలవని పరిస్థితి. గోపాల్‌పూర్ ఊరికి ఉత్తరాన, అర్జిపల్లి పక్కన పోర్టు ఉంది, దానికీ గట్లున్నాయి. 2024లో అది అదానీల చేతికి వచ్చింది. ఇంకా ఉత్తరానికి వెళ్తే రుషికుల్య సముద్రంలో కలిసేచోట, ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేలకు వేలుగా గుడ్లు పెట్టే ఇసుక పక్కనే, పొడంపేట ఉండేది. తెలుగు మాట్లాడే జాలర్ల ఊరు. సముద్రం మీద మీదకు వస్తుంటే జనాన్ని లోపలికి తరలించారు. నది మొగ ఎంత, పోర్టులెంత, వాతావరణ మార్పు ఎంత అని నిపుణులు వాదించుకోవచ్చు. గోడ పోయినవాడికి ఆ లెక్కతో పనిలేదు.

పోయిన ఏడాది మా బావతో కలిసి ఒక ప్లాటు చూడ్డానికి వెళ్లాను. ఎవరి వెంచరో ఇక్కడ అనవసరం. గంజాం ఒడ్డంతా మొగలి పొదలు. ఇక్కడి మొగలి తైలానికి జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకేనన్న ముద్ర) ఉంది, చత్రపురం చుట్టుపక్కల ఎన్నో ఇళ్లు ఆ పూవు మీదే బతుకుతాయి. కాళ్లు పాతుకున్నట్టుండే ఆ ఊడలే ఇసుక దిబ్బను పట్టి ఉంచేవి. మేము వెళ్లేసరికి పొదలన్నీ నరికి కుప్ప పోసి ఉన్నాయి. జేసీబీ దిబ్బను చదును చేసింది. సున్నం కొట్టిన రాళ్లు వరసగా పాతారు. “సన్‌రైజ్ వ్యూ సార్, ఏమీ అడ్డం లేదు” అన్నాడు మధ్యవర్తి. నిజమే, అడ్డం ఉన్నదాన్నల్లా తీసేశారు. సముద్రానికీ ఆ ప్లాటుకూ మధ్య కూడా ఏమీ అడ్డం లేదు.

కాగితాల దగ్గరికి వచ్చేసరికి పట్టా ఒడియాలో. మా బావకు ఒడియా మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. ఒడిశా పట్టాలో ‘కిసం’ అనే గడి ఒకటుంటుంది. అందులో ‘ఘరబారి’ అని ఉంటే ఇల్లు కట్టుకునే నేల. సాగు నేల అని ఉంటే ముందు తహశీల్దారు దగ్గర మార్పించుకోవాలి. ఆ గడి చదవకుండా అడ్వాన్సులు ఇస్తున్న తెలుగువాళ్లు ఎంతమందో! ఒడ్డున ఎక్కడిదాకా కట్టకూడదో చూపే తీర నియంత్రణ (సీఆర్‌జడ్) మ్యాపు అడిగితే ‘తర్వాత వాట్సాప్ చేస్తా’ అన్నాడు మధ్యవర్తి. 2019 జనవరి సీఆర్‌జడ్ నోటిఫికేషన్ ప్రకారం జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2161 దాటిన పల్లెల్లో పోటు గీత (సముద్రం పోటెత్తినప్పుడు నీళ్లు వచ్చే హద్దు) నుంచి 50 మీటర్లు, మిగతా పల్లెల్లో 200 మీటర్లు కొత్త కట్టడాలకు వీల్లేదు. ఆ మ్యాపు ఇప్పటికీ రాలేదు.

కోవళం పేరు చెప్పేవాళ్లున్నారు. చెన్నై పక్కన జాలరి పల్లె సర్ఫింగ్‌తో పేరు తెచ్చుకోలేదా, అక్కడి కుర్రాళ్లకు ఉపాధి దొరకలేదా, ఇక్కడా టాటాల సెజ్, పోర్టు వచ్చాక రేట్లు పెరగకుండా ఉంటాయా అంటారు. పెరగొచ్చు. కానీ కోవళంలో బాగుపడ్డవాళ్లు బాగుపడింది అల మీద ఎక్కడం నేర్పి. బోర్డు అద్దెకివ్వడానికి, పాఠం చెప్పడానికి, ఒడ్డున చేపల వేపుడు అమ్మడానికి రిజిస్ట్రేషను అక్కర్లేదు. అదే సీఆర్‌జడ్ నోటిఫికేషన్ బీచ్‌లో పర్యాటకుల కోసం తాత్కాలిక పాకలను పోటు గీతకు పది మీటర్ల అవతల నుంచే అనుమతిస్తుంది. కట్టుకుని విప్పుకుపోయే వాటికి సముద్రం దగ్గర చోటుంది, స్లాబు వేసేవాటికి లేదు.

అసలు ఈ ఊళ్లో అల మీద స్వారీ కొత్తదేమీ కాదు. గోపాల్‌పూర్‌లో రేవు కట్టక ముందు స్టీమరు దూరంగా ఆగేది. రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లే కూలీలను, బియ్యం బస్తాలను విరుచుకుపడే కెరటాల మీదుగా ఓడ దాకా చేర్చింది కుట్టు పడవల మీది తెలుగు జాలర్లు. ఒడియావాళ్లు నోలియాలంటారు. 1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు నుంచి ఒడిశాలోకి మారినప్పుడు కూడా వీళ్ల గుడిసెలు ఇదే ఇసుక మీద ఉన్నాయి. అన్ని తరాలు కాపురమున్నా చాలామంది చేతిలో కాగితం లేదు.

ఇక్కడ ఒడిశా ప్రభుత్వం ఒక మంచి పని చేసింది, మన పత్రికలు సరిగా పట్టించుకోలేదు. 2017లో పట్టణ మురికివాడల వాసులకు భూమి హక్కు చట్టం తెచ్చింది. ఆ పట్టా భార్యాభర్తల ఇద్దరి పేరునా ఉంటుంది, పిల్లలకు సంక్రమిస్తుంది, ఇంటి అప్పుకు బ్యాంకులో తాకట్టు పెట్టుకోవచ్చు. అమ్మడానికి మాత్రం కుదరదు. నన్నడిగితే సముద్రం ఒడ్డున ఉండదగ్గ ఆస్తి హక్కు ఇదొక్కటే. ఉన్నంతకాలం ఉండు, కొడుక్కీ కూతురికీ ఇయ్యి, బేరం పెట్టకు. ఆ చట్టం పట్టణాల సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది, పంచాయతీల్లోని జాలరి పల్లెలకు రాదు. దాన్ని ఒడ్డు పొడుగునా పల్లెలకు చాపాలి. శ్రీకాకుళం జిల్లాలోనూ తేవాలి. సోంపేట, బారువ ఒడ్డున కూడా సున్నం రాళ్లు మొలవడానికి ఎంతో కాలం పట్టదు.

ఆ రోజు ప్లాటు అంచున ఒక ముసలాయన వల బాగుచేసుకుంటున్నాడు. మమ్మల్ని తెలుగువాళ్లని పోల్చుకుని, “కొనేసేరా బాబూ?” అనడిగాడు.

“ఇంకా లేదు తాతా, చూస్తున్నాం” అన్నాడు బావ.

“సూడండి, సూడండి. ఈ రాయి ఉన్న కాడే మా తెప్పలు ఎట్టుకునీవోలం.”

ఇప్పుడెక్కడ పెడుతున్నారని అడిగాను. సూది నోట్లో పెట్టుకుని, గడ్డంతో అటు చూపించాడు. రాళ్ల వరసకు అవతల, తడి ఇసుక మీద నాలుగు తెప్పలు, ఒకదాన్ని అప్పటికే నీళ్లు తాకుతున్నాయి.

బావ అప్పటికే ఇచ్చేసిన అడ్వాన్సును మర్నాడే వెనక్కి అడిగాడు. సగం వచ్చింది. ఈ వేసవికి ఊళ్లో లైట్‌హౌస్ వైపు ఒక గది అద్దెకు తీసుకున్నాడు.